సెల్‌ఫోను బ్యాటరీ – మార్చే విధానం

పాడైన వస్తువును వెంటనే పారవేయకుండా బాగుచేసుకొని వాడుకోవడం మన ఇళ్ళలో పాత అలవాటే. గొడుగు కమ్మి విరిగితే అతికించుకొంటారు. ప్రెషర్ కుక్కరు వాషరు సాగిపోతే కొత్తది తెచ్చి వేస్తారు. గోడ గడియారం ఆగిపోతే వెనుక మూత తీసి సెల్లు మార్చడం చిన్నపిల్లలకు కూడా తెలిసిన పని. సెల్‌ఫోను బ్యాటరీ పాతబడినప్పుడు కూడా ‘దీన్ని మనమే మార్చుకోలేమా?’ అనే ఆలోచన రావడం సహజం. మార్చుకోవచ్చు. కాని గడియారంలోని సెల్లూ, ఫోనులోని బ్యాటరీ పేరుకు బంధువులే తప్ప స్వభావంలో ఒకటి కావు. ఆ తేడా తెలియకుండా స్క్రూడ్రైవరు పట్టుకోకూడదు.

విద్యుత్తును నిలకడగా ఇచ్చే మొదటి ఘటాన్ని 1800 సంవత్సరంలో ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా తయారు చేశాడు. 1866లో ఫ్రాన్సు దేశస్థుడు జార్జి లెక్లాంషే మరొక రకం ఘటం చేశాడు. టార్చిలైటులో వేసే మామూలు సెల్లు దాని సంతతే. ఇది 1.5 వోల్టుల విద్యుత్తు ఇస్తుంది. లోపలి రసాయనం నీటితో కలిపిన ముద్ద కనుక దానికి నిప్పు అంటుకోదు. పాతబడితే కారి రేకులను పాడుచేస్తుందే తప్ప పెద్ద అపాయం కలిగించదు.

సెల్‌ఫోను బ్యాటరీ కథ వేరు. లోహాలన్నింటిలో తేలికైనది లిథియం. తేలికగా ఉంటూనే ఎక్కువ శక్తిని ఇముడ్చుకోగలదు కనుక దానితో ఘటం చేయాలని శాస్త్రజ్ఞులు ఆశపడ్డారు. 1970వ దశకంలో స్టాన్లీ విటింగ్‌హామ్ అటువంటి ఘటాన్ని చేసి చూపాడు. అయితే లిథియం లోహం చాలా చురుకైనది. ప్రయోగశాలలో మంటలు లేచి అగ్నిమాపక దళం రావలసి వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. 1980లో జాన్ గుడినఫ్ కోబాల్ట్ ఆక్సైడ్‌తో ధన ఎలక్ట్రోడును రూపొందించి ఘటం వోల్టేజీని పెంచాడు. 1985లో జపాను శాస్త్రవేత్త అకిరా యోషినో లిథియాన్ని లోహంగా ఉంచకుండా, కర్బన పదార్థపు పొరల మధ్య అయాన్ల రూపంలో దాచే పద్ధతి కనిపెట్టాడు. దీనితో ఘటం చాలావరకు అదుపులోకి వచ్చింది. 1991లో ఈ లిథియం-అయాన్ బ్యాటరీలు మొదటిసారి అంగళ్ళలోకి వచ్చాయి. ఈ ముగ్గురికీ కలిపి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పటికి గుడినఫ్ వయస్సు 97 ఏళ్ళు. అంత పెద్ద వయస్సులో ఆ బహుమతి అందుకొన్నవారు అంతకు ముందు లేరు.

బ్యాటరీని మార్చేవారు దాని లోపల ఏముందో ముందుగా ఊహించుకోగలగాలి. ఒక పొడవైన రాగి రేకు, దానిపై గ్రాఫైటు పూత. మరొక పొడవైన అల్యూమినియం రేకు, దానిపై కోబాల్ట్ ఆక్సైడ్ వంటి పదార్థపు పూత. ఈ రెండూ ఒకదానికొకటి తగలకుండా నడుమ సన్నని ప్లాస్టిక్ పొర. ఆ పొర తలవెంట్రుక కన్నా పలుచన. ఈ మూడింటినీ చాపచుట్టినట్టు చుట్టి, లేదా పొరలుగా పేర్చి, లిథియం లవణం కలిపిన ద్రవంతో తడిపి, మెత్తని సంచిలో మూస్తారు. ఆ ద్రవం నీరు కాదు. నిప్పు అంటుకొనే స్వభావం గలది. ఛార్జి ఎక్కుతున్నప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైటు పొరల్లోకి వచ్చి చేరతాయి. ఫోను వాడుతున్నప్పుడు అవి తిరిగి అవతలి పక్కకు పోతాయి. నడుమ ఉన్న ఆ పలుచని పొర చిరిగితే రెండు పక్కలూ నేరుగా కలుస్తాయి. అప్పుడు గంటల తరబడి నెమ్మదిగా రావలసిన శక్తి క్షణాల్లో వేడిగా బయటపడుతుంది. ఆ వేడికి పక్కపొరలు కూడా చెడిపోయి ఇంకా వేడి పుడుతుంది. ఒకసారి ఇది మొదలైతే ఆపడం మనిషి చేతిలో ఉండదు.

ఆ శక్తి ఎంత? ఇప్పటి ఫోన్లలో 5000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీలు సాధారణం. సగటున 3.85 వోల్టులు అనుకొని లెక్కవేస్తే అది సుమారు 19 వాట్-గంటలు. అంటే ఒక లీటరు నీటి ఉష్ణోగ్రతను 16 డిగ్రీలు పెంచగల శక్తి. లోపలి ద్రవం మండితే వచ్చే వేడి దీనికి అదనం. ఇదంతా పోస్టుకార్డు కన్నా చిన్నదైన ఒక పొట్లంలో ఉంటుంది.

కర్మాగారాలు కూడా ఇక్కడ పొరపాటు పడిన సందర్భాలున్నాయి. 2007 ఆగస్టులో నోకియా సంస్థ తన బి.ఎల్.-5సి రకం బ్యాటరీల గురించి ప్రపంచవ్యాప్తంగా హెచ్చరిక చేసింది. ఒక కాలంలో తయారైన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలలో కొన్ని ఛార్జి చేసేటప్పుడు విపరీతంగా వేడెక్కే అవకాశం ఉందని చెప్పి, కోరినవారికి వేరే బ్యాటరీ ఉచితంగా ఇచ్చింది. 2016లో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కొన్ని అంటుకొన్నాయి. ఆగస్టులో విడుదలైన ఆ ఫోను తయారీని అక్టోబరులో మానుకోవలసి వచ్చింది. అమెరికా దానిని విమానాలలోకి తీసుకురావడాన్ని నిషేధించింది. 2017 జనవరిలో కారణాలు బయటపెట్టారు. ఒక రకం బ్యాటరీలో పైమూలన ఋణ ఎలక్ట్రోడు వంగి ఉంది. మరొక రకంలో అతుకు దగ్గర లోహపు మొనలు తేలి ఉన్నాయి. వెంట్రుకవాసి వంకరకే ఇంత జరిగితే, ఇంట్లో ఇనుప పరికరంతో పెళ్ళగించిన బ్యాటరీ సంగతి వేరే చెప్పాలా!

బి.ఎల్.-5సి బ్యాటరీని తీయడానికి గోరు చాలు. మూత జరిపితే అది చేతిలోకి వచ్చేది. దాని చుట్టూ గట్టి డొల్ల ఉండేది. ఇప్పటి ఫోన్లు చాలా భాగం అలా కావు. ఫోను పలుచగా ఉండాలని, లోపలికి నీరు పోకూడదని తయారీదారులు వెనుక మూతను జిగురుతో అతికిస్తున్నారు. బ్యాటరీకి గట్టి డొల్ల తీసివేసి మెత్తని సంచితో సరిపెట్టి, దానినీ జిగురుతో అంటిస్తున్నారు. సౌకర్యం పెరిగింది కాని వాడేవారి చేతిలోని పని వారి చేయి దాటిపోయింది. దీనిపై వచ్చిన అసంతృప్తి వల్లనే ఐరోపా సమాఖ్య 2023లో ఒక నిబంధన చేసింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే వస్తువులలోని చిన్న బ్యాటరీలను, కొన్ని మినహాయింపులతో, వాడేవారే తీసి వేసుకొనేలా ఉంచాలన్నది దాని సారాంశం.

ఇక అసలు పనికి వద్దాం. మొదట తేల్చుకోవలసింది, బ్యాటరీ నిజంగా పాతబడిందా అని. లిథియం బ్యాటరీ కొన్ని వందలసార్లు పూర్తిగా ఎక్కి దిగేసరికి తన శక్తిలో కొంత భాగం పోగొట్టుకొంటుంది. వేడి దీనికి పెద్ద శత్రువు. వేసవిలో 40 డిగ్రీలు దాటే బళ్ళారి, షోలాపూరు వంటి ఊళ్ళలో ఎండలో ఆపిన బండిమీద వదలివేసిన ఫోను మరింత త్వరగా ముసలిదవుతుంది. ఉదయం నిండుగా ఉన్న ఛార్జి మధ్యాహ్నానికి అయిపోవడం, ఇంకా 20 శాతం చూపిస్తుండగానే ఫోను ఆరిపోవడం బ్యాటరీ బలహీనపడిందనడానికి గుర్తులు. కొన్ని ఫోన్లలో బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో సెట్టింగులలోనే కనిపిస్తుంది. ఫోను మందగించడానికి కూడా బ్యాటరీ కారణం కావచ్చు. పాత బ్యాటరీ ఉన్న కొన్ని ఐఫోన్లు ఉన్నట్టుండి ఆరిపోకుండా వాటి వేగాన్ని తగ్గిస్తున్నామని ఆపిల్ సంస్థ 2017 డిసెంబరులో ఒప్పుకొంది. ఆ తరువాత ఏడాదిపాటు బ్యాటరీని తక్కువ ధరకు మార్చి ఇచ్చింది. కనుక నెమ్మదించిన ప్రతి ఫోనూ పారవేయవలసినది కాదు.

బ్యాటరీ ఉబ్బితే మాత్రం మాట వేరు. చెడిన బ్యాటరీలో వాయువులు పుట్టి సంచి పొంగుతుంది. అప్పుడు తెర అంచు పైకి లేస్తుంది, లేదా వెనుక మూత గుమ్మటంలా తేలుతుంది. బల్లమీద పెట్టిన ఫోను ఊయలలా ఊగుతుంది. అటువంటి ఫోనును ఛార్జికి పెట్టడం వెంటనే మానాలి. ఆపివేసి, మండే వస్తువులకు దూరంగా ఉంచి, పనివాడి దగ్గరకు తీసుకుపోవాలి. ఉబ్బును చేత్తో అదిమి మూత బిగించడం, గాలి పోతుందని సూదితో గుచ్చడం కొందరు చేసే పనులు. ఈ రెండింటికన్నా ప్రమాదకరమైనది లేదు. ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో మార్చే ప్రయత్నమే చేయకూడదు.

కొత్త బ్యాటరీని ఎంచుకోవడంలో చాలామంది అశ్రద్ధ చేస్తారు. ఫోను మోడల్ సంఖ్య, పాత బ్యాటరీ మీద ఉన్న సంఖ్య, వోల్టులు సరిపోవాలి. అదే కొలతల్లో ఉండి, అసలుదానికన్నా రెట్టింపు సామర్థ్యం ఉందని అచ్చువేసిన బ్యాటరీని నమ్మకూడదు. అదే జాగాలో అంత శక్తిని ఇమిడ్చే విద్య ఆ అంగడివాడి దగ్గర ఉంటే ఫోను కంపెనీలే అతని ఇంటికి వచ్చేవి. మన దేశంలో అమ్మే ఇటువంటి బ్యాటరీలకు భారతీయ ప్రమాణాల సంస్థ దగ్గర నమోదు తప్పనిసరి. ఐ.ఎస్. 16046 అనే సంఖ్య, నమోదు గుర్తు బ్యాటరీపై ఉన్నాయేమో చూడాలి. తయారైన తేదీ కూడా చూడాలి. ఏళ్ళ తరబడి బీరువాలో పడి ఉన్న బ్యాటరీ కొత్తదైనా పాతదే.

ఈ పని పెద్దలు చేయవలసినది. పిల్లలు పక్కనుండి చూడవచ్చు, వెలుతురు పట్టవచ్చు, తీసిన స్క్రూలను లెక్కపెట్టి ఉంచవచ్చు. ఒంటరిగా మాత్రం చేయరాదు. పరుపుమీద, చాపమీద కాకుండా గట్టి బల్లమీద, కిటికీ తెరచి, పగటి వెలుతురులో చేయాలి. దగ్గరలో కాగితాలు, తెరలు, కిరసనాయిలు ఉండకూడదు. ఒక మట్టి మూకుడు, ఒక చిన్న బకెట్టులో పొడి ఇసుక చేతికందేటంత దూరంలో ఉంచుకోవాలి. సరైన కొలత స్క్రూడ్రైవర్లు, పలుచని ప్లాస్టిక్ ముక్కలు (గిటారు మీటేవి బాగా పనికివస్తాయి), తెరను పట్టిలాగే రబ్బరు కప్పు, పట్టకారు, జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు ఉంటే చాలు. ఒకే రకం ఫోనుకు కూడా లోపలి అమరిక మోడలు మోడలుకూ మారుతుంది. కొన్నింటిని వెనుకనుండి, కొన్నింటిని తెరవైపునుండి తెరవాలి. కనుక ఆ మోడలును తెరిచే క్రమం ముందుగా పూర్తిగా చదివి ఉండాలి.

ముందు ఫోనులోని ఫోటోలను, సంఖ్యలను వేరేచోట భద్రపరచుకోవాలి. తరువాత ఛార్జి 25 శాతానికి తగ్గేవరకు ఫోనును వాడాలి. ఈ ఒక్క జాగ్రత్త చాలామంది మరచిపోతారు. నిండు బ్యాటరీకి దెబ్బ తగిలితే లేచే మంట, దాదాపు ఖాళీ అయిన బ్యాటరీకి తగిలితే లేచేదానికన్నా చాలా ఎక్కువ. ఆ తరువాత ఫోనును పూర్తిగా ఆపివేసి, సిమ్ కార్డు పెట్టే పలకను బయటకు తీయాలి.

వెనుక మూత అంచును డ్రయ్యరుతో కొద్దికొద్దిగా వెచ్చచేస్తే జిగురు మెత్తబడుతుంది. చేతికి బాగా వెచ్చగా తగలాలి గాని చేయి కాలకూడదు. వేడిని అంచుల వెంట కదుపుతూ ఉండాలి, ఒకేచోట నిలపకూడదు. పెనంమీద పెట్టడం, దీపం చూపించడం, ఇస్త్రీపెట్టె ఆనించడం ఏ పరిస్థితిలోనూ పనికిరావు. మూత కొంచెం లేవగానే ప్లాస్టిక్ ముక్కను రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే చొప్పించి అంచు చుట్టూ జరపాలి. లోతుగా పొడిస్తే సన్నని తీగపట్టీలు తెగుతాయి, కొన్నిచోట్ల బ్యాటరీకే తగులుతుంది. మూత గాజుది అయితే పగలవచ్చు కనుక కళ్ళజోడు పెట్టుకోవడం మేలు.

స్క్రూలు తీసేటప్పుడు పాటించదగిన ఒక చిన్న ఉపాయం ఉంది. తెల్లకాగితం మీద ఫోను బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో బొమ్మలో అక్కడే పెట్టాలి. అన్నీ ఒక్కలాగే కనిపించినా వాటి పొడవుల్లో తేడా ఉంటుంది. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే కింద ఉన్న పలకలో గుచ్చుకొని ఫోనే పనికిరాకుండా పోతుంది.

లోపల కనిపించే భాగాలన్నింటిలో మొదట విడదీయవలసింది బ్యాటరీ తీగపట్టీ కొస. దానిని ప్లాస్టిక్ ముక్కతోనే పైకి లేపాలి. ఫోను ఆపివేసినా బ్యాటరీ ఆగదు. దానిలో విద్యుత్తు ఎప్పుడూ ఉంటుంది. ఇనుప మొన రెండు ధ్రువాలనూ ఒకేసారి తాకితే షార్టు సర్క్యూటు అవుతుంది.

ఇప్పుడు అన్నింటికన్నా కష్టమైన భాగం, జిగురుతో అంటి ఉన్న బ్యాటరీని లేపడం. చాలా ఫోన్లలో బ్యాటరీ కింద సాగే జిగురుపట్టీలు ఉంటాయి. వాటి కొసను పట్టుకొని, ఫోనుకు దాదాపు సమాంతరంగా, ఆగి ఆగి నెమ్మదిగా లాగితే అవి రబ్బరులా సాగి బయటకు వస్తాయి. తొందరపడితే తెగుతాయి. తెగితే, లేక అసలు పట్టీయే లేకపోతే, బ్యాటరీ అంచున ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొన్ని చుక్కలు వేసి, ఫోనును కొంచెం వంచి పట్టుకొని కొన్ని నిమిషాలు ఆగాలి. ఆల్కహాల్ కూడా మండే ద్రవమే కనుక డ్రయ్యరు అప్పటికే దూరంగా పెట్టివేయాలి. జిగురు వదలిన తరువాత వెడల్పైన ప్లాస్టిక్ కార్డుతో అన్నివైపుల నుండి కొద్దికొద్దిగా లేపాలి. బ్యాటరీ వంగకూడదు. ఒకేచోట బలం పెడితే మధ్యలో మడతపడి లోపలి పొర చిరుగుతుంది. స్క్రూడ్రైవరు, కత్తి, చెంచా బ్యాటరీ కిందికి పోకూడదు. ఎంతకీ కదలకపోతే మూత పెట్టి పనివాడికి ఇవ్వడమే తెలివైన పని. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పని మధ్యలో బ్యాటరీ వేడెక్కినా, తియ్యని ద్రావకం వంటి ఘాటు వాసన వచ్చినా, బుస్సుమన్నా వెంటనే చేయి తీసివేయాలి. వీలైతే మూకుడులోకి జరిపి ఇసుక కుమ్మరించాలి. పొగ మొదలైతే దానితో పెనుగులాడకుండా అందరూ బయటకు వచ్చి తలుపు మూయాలి. ఆ పొగలో ఊపిరితిత్తులకు హాని చేసే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విషవాయువులు ఉంటాయి. అగ్నిమాపక దళాన్ని 101కు గాని 112కు గాని పిలవాలి.

పాత బ్యాటరీ చెక్కుచెదరకుండా వచ్చిన తరువాత మిగిలింది సులువు. కొత్తదాన్ని అంటించక ముందే తీగపట్టీ కలిపి, ఫోను వెలుగుతోందా, ఛార్జి ఎక్కుతోందా అని చూసుకోవాలి. మళ్ళీ ఆపి, తీగపట్టీ విడదీసి, కొత్త జిగురుపట్టీలతో అతికించాలి. చివరగా తీగపట్టీని తిరిగి కలిపి మూత వేయాలి. మూత సరిగా కూర్చోకపోతే బలంతో నొక్కకూడదు. కింద ఒక స్క్రూ గాని, మడతపడిన తీగపట్టీ గాని ఉండి ఉంటుంది. తెరిచిన ఫోనుకు నీటినుండి ఉన్న రక్షణ మునుపటిలా ఉంటుందని అనుకోకూడదు. గ్యారంటీ కాలం ముగియని ఫోను అయితే తెరవకుండా ఉండడమే నయం. మొదటిసారి ఛార్జి చేసేటప్పుడు మెలకువగా ఉండి గమనిస్తూ ఉండాలి. తలదిండు కింద పెట్టి రాత్రంతా వదలివేయకూడదు.

ఇక చేతిలో మిగిలినది పాత బ్యాటరీ. అది పనికిరానిదైనా లోపల కొంత శక్తి ఇంకా ఉంది. చెత్తబుట్టలో వేస్తే చెత్తబండిలో నలిగి అక్కడ మంట పుట్టిస్తుంది. దాని కొసలపై ప్లాస్టిక్ టేపు అంటించి, ఒక్కదానినే గాజుసీసాలో గాని మట్టిపాత్రలో గాని ఉంచి, వీలైనంత త్వరగా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకొనే చోట ఇవ్వాలి. వాడిన బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదేనని భారత ప్రభుత్వం 2022లో చేసిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు చెబుతున్నాయి. అలా చేరిన బ్యాటరీలను విడదీసి కోబాల్టు, రాగి, లిథియం వంటి లోహాలను తిరిగి తీస్తారు. వాటిలో కొంత మరొక బ్యాటరీలోకి చేరుతుంది.